అడగకుండా సరిచేసిన గిటారు

"సరిచేశాను" అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అల్మారా సరిచేశాను, గడియారం సరిచేశాను, నీ చీర కుచ్చిళ్ళు సరిచేశాను అంటూ మీద పడే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఆ మనిషి మా అన్నయ్య. ఆయన చెయ్యి పడని వస్తువు ఇంట్లో లేదు. పోనీ చెడ్డవాడా అంటే కాదు. చాలా మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు మాటలతో కడిగేసి చేతులు దులుపుకునేదాన్ని.

అన్నయ్య గిటారు మాస్టారు. కింద వీధిగదిలో ఆయన క్లాసు, పైన మా ముగ్గురి కాపురం. అన్నయ్య, వదిన, నేను. వదిన పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చేత నోళ్ళు తెరిపించి తెరిపించి, ఇంటికొచ్చాక తన నోరు ముయ్యడం మర్చిపోతుంది. నేను లాండ్రీలో పనిచేస్తాను. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి తెరలు, టేబుల్ గుడ్డలు మా దగ్గరికే వస్తాయి.

క్లాసు గదిలో ఒక గోడ నిండా గిటార్లు వేలాడుతుంటాయి. ఆ గదికి అన్నయ్య పెట్టిన నియమం ఒక్కటే. శ్రుతి తప్పిన గిటారు గోడకెక్కకూడదు. వాయించినవాళ్ళే కాదు, గోడ పక్కనుంచి నడిచినవాళ్ళు కూడా చెయ్యి చాపి తీగలు మీటి చూడాలి, తేడా ఉంటే సరిచేసి పోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి పాట కంటే ముందు ఈ అలవాటు నేర్పుతాడు. ఇది ఎంత ముదిరిందంటే, ఒకరోజు పార్సెల్ ఇవ్వడానికి వచ్చిన మనిషి సంతకం కోసం నిలబడి, ఊరికే ఉండలేక ఒక గిటారు మీటి, "ఇది కొంచెం దిగిందండీ" అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు అన్నయ్య శిష్యుడేనట. అన్నయ్య ఆనందం చూడాలి, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ గోడమీద చివరి మేకుకి ఉండేది నా గిటారు. పన్నెండు తీగలది. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే దీనికి ఆరు జతలు. పైనున్న నాలుగు జతల్లో లావు తీగ పక్కన ఒక సన్న తీగ, అదే స్వరం ఒక స్థాయి పైన పలుకుతుంది. కింది రెండు జతల్లో రెండు తీగలూ అచ్చం ఒకటే. ఒక్కచోట వేలు పెట్టి మీటితే ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలిసి పాడినట్టుంటుంది. శ్రుతి చెయ్యడం మాత్రం ఇంటికి సున్నం వేసినంత పని. ఇటు ఒకటి కుదిరేసరికి అటు ఒకటి జారుతుంది. అయినా అన్నయ్యా నేనూ పక్కపక్కన కూర్చుని వాయిస్తే, ఆయన ఆరు తీగలూ నా పన్నెండూ కలిసి గది నిండిపోయేది. అలా ఎన్నో ఏళ్ళు వాయించాం.

తర్వాత లాండ్రీలో నా ఎడంచెయ్యి ఆవిరి ప్రెస్సు కింద పడింది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చెప్పిన ప్రతిచోటా జనం నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకోవడం మొదలుపెడతారు. చెయ్యి నాది, నొప్పి నాది, ఓదార్పు మాత్రం వాళ్ళకి కావాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు బాగానే ఉన్నాయి. ఉంగరంవేలు, చిటికెనవేలు మడతపడవు. అంతే సంగతి. కాఫీ కప్పు పట్టుకోవచ్చు, జడ వేసుకోవచ్చు, ఎవరినైనా లెంపకాయ కొట్టాలంటే కుడిచెయ్యి ఎలాగూ ఉంది. గిటారు మెడమీద ఎడంచేతి నాలుగు వేళ్ళూ పరిగెత్తాలి. రెండు వేళ్ళతో మామూలు శ్రుతిలో వాయించాలంటే సగం స్వరాలు అందవు.

ఇక సలహాలు మొదలయ్యాయి. చేతులు మార్చి వాయించమన్నారు. ఇరవై ఏళ్ళుగా కుడిచేత్తో రాస్తున్నవాళ్ళని రేపట్నుంచి ఎడంచేత్తో రాయమంటే ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? పాట నేర్చుకోమన్నారు. నా గొంతు వింటే లాండ్రీ బాయిలరే నయమనిపిస్తుంది. అన్నయ్య మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా, "మన క్లాసు వార్షికోత్సవానికి నువ్వు వాయించక్కర్లేదు బుజ్జీ. మైకు పట్టుకో చాలు. ఎవరు ఏం వాయిస్తారో చెబుతుండు" అన్నాడు.

నాకు నలభై రెండేళ్ళు. ఇంకా బుజ్జినే. ఆ మాటకి అలవాటు పడ్డాను గానీ "మైకు పట్టుకో చాలు" అన్నది మాత్రం గొంతులో ముల్లులా దిగింది. ఎవరికి చాలు? ఆయనకా, నాకా? అడిగితే ఆయన మొహం చిన్నబోతుందని నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడమే నేను చేసిన తెలివితక్కువ పని.

లాండ్రీలో నన్ను ప్రెస్సు దగ్గర్నుంచి కౌంటరు మీదికి మార్చారు. వచ్చిన మూటకి గుడ్డ చీటీ గుచ్చడం, వెళ్ళే మూటని మడతలు లెక్కచూసి కట్టడం నా పని. నా వెనకాల రెండు పెద్ద ఆరబెట్టే యంత్రాలు రోజంతా తిరుగుతుంటాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది. రెండూ ఒకే రొద చేస్తున్నట్టు ఉంటుంది గానీ, పాతది కాస్త తగ్గు స్థాయిలో మోగుతుంది. రెండు రొదలూ ఒకదానికొకటి రాసుకుని మధ్యలో మూడో చప్పుడు ఒకటి అలలా లేస్తూ పడుతూ ఉంటుంది. ప్రెస్సు దగ్గర ఉన్నప్పుడు ఆవిరి హోరులో అది ఎప్పుడూ వినలేదు. కౌంటరు దగ్గర కూర్చుని చీటీలు గుచ్చుతూ విన్నాను. విసుక్కునేవాళ్ళకి అది రొదే. నాకు మాత్రం అందులో ఒక మాధుర్యం కనిపించింది. ఇదేమిటి, రెండూ కలవకపోవడం వల్లే కదా ఇంత బాగుంది అనిపించింది.

మా షిఫ్టు మధ్యాహ్నం అయిపోతుంది. అన్నయ్య క్లాసు సాయంత్రం మొదలవుతుంది. ఆ మధ్యలో కింది గది ఖాళీగా ఉంటుంది. చాలా నెలల తర్వాత ఆ రోజు నా గిటారు మేకు నుంచి దించాను. వేళ్ళు తీగల దగ్గరికి రాలేకపోతే తీగల్నే వేళ్ళ దగ్గరికి తెచ్చుకుంటే పోలా? ఇంతే నా ఆలోచన. తీగలు బిగించే బిరడాలు ఉన్నది తిప్పడానికే కదా.

మొదట పిచ్చి పిచ్చిగా తిప్పాను. లావు తీగల్ని మరీ వదులు చేస్తే అవి మెడమీది మెట్లకి కొట్టుకుని ఈగల్లా జుమ్మన్నాయి. ఒక జతని పైకి బిగిద్దామని చూస్తే మూడో జతలోని సన్న తీగ ఠప్పున తెగి నా చెంపమీద వాత పెట్టింది. లాండ్రీలో అందరూ ఎవరు కొట్టారని అడిగారు. గిటారు కొట్టిందని చెబితే ఎవరూ నమ్మలేదు. తెగిన తీగ మార్చుకుని, రోజూ లేచేముందు మామూలు శ్రుతికి తెచ్చి మేకుకి తగిలించేదాన్ని. అప్పటికి నాకు ఒక సంగతి అర్థమైంది. బిగించకూడదు, దించాలి. పై జతనీ అట్టడుగు జతనీ ఒక స్వరం దించితే రెండు చివర్లూ "స" పలికాయి. మధ్యలో పా, సా, మా వాటంతటవే కుదిరి కూర్చున్నాయి. చెయ్యే పెట్టకుండా మొత్తం మీటితే గదిలో ఒక పెద్ద తలుపు తెరిచినట్టయింది. నాలుగు వేళ్ళు చెయ్యాల్సిన పనిలో సగం తీగలే చేసి పెడుతున్నాయి. నాకు మిగిలింది రెండు వేళ్ళ పని.

అయినా ఇంకా ఏదో బోసిగా ఉంది. రెండు వేళ్ళతో మెలిక తిప్పలేని ఒక స్వరం ప్రతిసారీ నాకు అందకుండా పోతోంది. అప్పుడు ఆ ఆరబెట్టే యంత్రాలు గుర్తొచ్చాయి. ఐదో జతలో రెండు తీగలూ ఒకటే కదా. అందులో ఒకదాన్ని "ప"కి దించి, దాని పక్కదాన్ని "ద" దగ్గరే వదిలేశాను. ఒకే జత, ఒకే వేలు, రెండు స్వరాలు. అవి రెండూ రాసుకుని మధ్యలో ఆ అల లేచింది. అందని స్వరం అదే వచ్చి నా వేలికింద కూర్చుంది. అక్కడే నేలమీద చతికిలబడి ఏడ్చాను. ఆనందంతోనే ఏడ్చాను గానీ, ఇన్ని నెలలు నన్ను మైకు కింద పాతేసినవాళ్ళ మీద కోపం కూడా అందులో ఉంది.

ఆ రోజు గిటారు అదే శ్రుతితో మేకుకి తగిలించాను. మర్నాడు మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చి గిటారు దించి మీటాను. మామూలు శ్రుతి. ఐదో జత రెండు తీగలూ అతుక్కుపోయినట్టు ఒకటే పలుకుతున్నాయి. ఎవరో సరిచేశారు.

సరే, గది నియమం అది, ఏ శిష్యుడో దారినపోతూ చేసి ఉంటాడు అనుకున్నాను. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టి నా శ్రుతి పెట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ అదే కథ. ఆ తర్వాత రోజూ అంతే. పన్నెండు తీగలు అటు తిప్పి ఇటు తిప్పి సగం మధ్యాహ్నం అక్కడే అయిపోయేది. లాండ్రీ చీటీ మీద "ముట్టుకోవద్దు" అని రాసి గిటారు మెడకి కట్టాను. మర్నాడు చీటీ అలాగే ఉంది, ముడి కూడా చెక్కుచెదరలేదు. శ్రుతి మాత్రం మారింది. అంత జాగ్రత్తగా చీటీ కదలకుండా శ్రుతి మార్చిన ఆ మహానుభావుడి చేతులు విరగ్గొట్టాలనిపించింది.

క్లాసు జరుగుతుంటే లోపలికి వెళ్ళి అందరి ముందూ అడిగాను. "నా గిటారు ఎవరు ముట్టుకుంటున్నారు?"

అందరూ తెల్లమొహాలు వేశారు. ముందు వరసలో కూర్చునే రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం లేచి, "మేమెవరం కాదమ్మా. కానీ నిన్న నేను అటు వెళ్తూ చూశాను, ఐదో జత కలవలేదు. నువ్వు చీటీ కట్టావని వదిలేశాను. రాత్రంతా నాకు నిద్రపట్టలేదు" అన్నారు.

"అది కలవదండీ. నేనే అలా పెట్టుకున్నాను. శ్రుతి మార్చాను."

ఆ మాట నేను అన్నయ్య వైపు తిరిగి అన్నాను. ఆయన తల వంచుకుని తన గిటారు తుడుచుకుంటూ, "అలాగే బుజ్జీ, అలాగే" అన్నాడు. జ్వరం వచ్చిన పిల్లలు ఏదో కలవరిస్తే అంటామే, ఆ గొంతుతో.

నేను అప్పుడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు. ఆయనకి వాయించి వినిపిద్దామని చాలాసార్లు అడిగాను. "ఇప్పుడొద్దులే, చెయ్యి నొప్పెడుతుంది" అనేవాడు. ఇంకోసారి అడిగితే ఫోను వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు. ఫోను ఇంట్లోనే టేబుల్ మీద ఉంది. చివరికి విసిగిపోయి, గిటారు పైకి తీసుకెళ్ళి నా గదిలో పెట్టుకున్నాను. "వార్షికోత్సవంలో నేనొక ముక్క వాయిస్తాను" అని ఇద్దరి ముందూ గట్టిగా చెప్పాను. అన్నయ్య వదిన వైపు చూశాడు. వదిన పప్పు గిన్నె వైపు చూసింది.

"వాయించమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నాడు అన్నయ్య నీళ్ళు నములుతూ. "అన్నిటికంటే ముందు పెట్టుకుందాం. జనం ఇంకా వచ్చి కూర్చుంటుంటారు కదా, అప్పుడు."

అంటే ఎవరూ వినకముందు. కుర్చీలు జరుపుకునే చప్పుడులో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటతోనే రోజూ సాధన చేశాను. గిటారు నా గదిలోనే ఉంది కాబట్టి శ్రుతి ఎవరూ మార్చలేదు. వార్షికోత్సవం రోజు దాకా.

వార్షికోత్సవం గ్రంథాలయం మేడమీది హాల్లో. ఆ రోజు నాకు సెలవివ్వలేదు. లాండ్రీలో పని ముగించుకుని నేరుగా అక్కడికి వెళ్ళాను. గిటారు వదిన తీసుకొస్తానంది. హాలు వెనక చిరిగిన పుస్తకాలు అతికించే చిన్న గది ఉంది. జిగురు వాసన, అట్టల దొంతర్లు, ఒక కిటికీ. అక్కడ నా గిటారు పెట్టె బల్లమీద ఉంది. తెరిచి చూస్తే తీగలు తళతళలాడుతున్నాయి. పన్నెండూ కొత్తవి. మీటాను. అచ్చమైన మామూలు శ్రుతి. ఐదో జత రెండు తీగలూ కవలపిల్లల్లా ఒకే గొంతుతో పలికాయి.

కొత్త తీగలంటే ఏమిటో గిటారు పట్టినవాళ్ళకి తెలుసు. సాగుతూనే ఉంటాయి. ఎక్కడ పెడితే అక్కడ ఉండవు, నిమిషానికొకసారి కిందికి జారతాయి. పాత తీగల మీద నాకు అలవాటైన పట్టంతా పోయినట్టే. కార్యక్రమానికి ఇంకా పావుగంట కూడా లేదు.

"ఎవరు చేశారు ఈ పని?" అని అరిచాను.

వదిన తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఎప్పుడూ ఆగని నోరు ఆ రోజు మాట వెతుక్కుంది.

"మీ అన్నయ్యే. పొద్దున్న నువ్వు పనికి వెళ్ళాక కూర్చుని మార్చాడు. నీకు బహుమతి అట. ఆయన్ని ఏమీ అనకు. ఇన్నాళ్ళూ కింద రోజూ సరిచేసింది కూడా ఆయనే."

"నేను శ్రుతి మార్చానని చెప్పాను కదా వదినా! అందరి ముందూ చెప్పాను!"

"చెప్పావు. కానీ ఆ ఒక్క జతలో రెండు తీగలు రెండు రకాలుగా ఉన్నాయట. మిగతావి ఏదో ప్రయోగం అనుకోవచ్చట గానీ, జతలో తీగల్ని తెలిసి తెలిసి ఎవరూ అలా పెట్టరట." వదిన చీర చెంగు వేలికి చుట్టుకుంది. "దెబ్బ తగిలాక నీకు చెవి కూడా పోయిందని ఆయన భయం. నువ్వు తప్పు శ్రుతి పెట్టుకుంటున్నావని నీకు తెలియకూడదని చాటుగా సరిచేసేవాడు. ఆ దెబ్బకి వినికిడి పోతుందా అని డాక్టర్ని కూడా అడిగాడు."

"ఏ డాక్టర్ని?"

"మా డాక్టర్నే."

"పళ్ళ డాక్టర్నా?"

"అందుబాటులో ఉన్నది ఆయనేగా!"

ఇంకో సందర్భంలో అయితే ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆ వేళ నాకు నవ్వు రాలేదు. వేళ్ళు పోయాయన్నారు, ఒప్పుకున్నాను. నిజంగా పోయాయి కాబట్టి. నా చెవి పోయిందని ఎవరు చెప్పారు ఈయనకి? నన్ను ఒక్కమాట అడిగితే ఏం పోయింది? ఒక్కసారి కూర్చుని వింటే ఏం పోయింది? జాలిపడి, చాటుగా, పిల్లి అడుగులేసుకుంటూ వచ్చి, నేను కష్టపడి వెతుక్కున్నదాన్ని రోజూ చెరిపేసి, అది నా మంచికే అనుకుని హాయిగా నిద్రపోయిన మనిషిని ఏమనాలి? తిట్టినా ఆయన "పాపం" అనుకుంటాడు.

హాల్లోంచి అన్నయ్య పిలుస్తున్నాడు. "బుజ్జీ, మైకు!"

గిటారు పట్టుకునే వెళ్ళాను. వేదికమీద ఒక కుర్చీ, ఒక మైకు, ఆ మైకుకి ఒక స్టాండు. ఆ స్టాండు మెడ బిగుతు ఎప్పుడో పోయింది, మైకు పెట్టగానే నిద్రొచ్చినట్టు తల వాల్చేస్తుంది. ముందు వరసలన్నీ అన్నయ్య శిష్యులే. వెనకాల వాళ్ళ ఇళ్ళవాళ్ళు. మైకు చేత్తో పట్టుకుని చెప్పాను.

"అందరికీ నమస్కారం. మొదట నేను వాయిస్తాను. దానికి ముందు శ్రుతి చేసుకుంటాను. ఎంతసేపు పడితే అంతసేపు పడుతుంది. కూర్చున్నవాళ్ళు కూర్చోండి, వెళ్ళేవాళ్ళు వెళ్ళండి."

మైకు స్టాండుకి తగిలించి కుర్చీలో కూర్చున్నాను. ఒక్కొక్క తీగనీ వేలితో లాగి సాగదీసి, దించి, మళ్ళీ కొంచెం ఎక్కించి, మళ్ళీ సాగదీసి. హాలంతా చూస్తోంది. అట్టడుగు జత దించినప్పుడు ముందు వరసలో దగ్గులు మొదలయ్యాయి. అంతమంది చెవులకి ఒకే నియమం నూరిపోసి పెట్టాడు కదా అన్నయ్య, పాపం వాళ్ళ చేతులు ఒళ్ళో నిలవడం లేదు. ఐదో జతలో ఒక తీగని దించి రెండోదాన్ని వదిలేసేసరికి లెక్కల మాస్టారు ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఆ జత కలవలేదమ్మా!"

"కలవదు మాస్టారూ! కలవకూడదు! కూర్చోండి!"

ఆయన చప్పున కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి, తనని కూడా అలా కూర్చోబెట్టవచ్చని అప్పుడే తెలుసుకున్నట్టు చూశారు.

సరిగ్గా అప్పుడే మైకు తల వాల్చేసింది. దాని మూతి నేలవైపు తిరిగింది. నేను మీటినా అది వెనక వరసలకి వినబడదు. లేచి సరిచేసుకుందామంటే ఒళ్ళో గిటారు. ఇంతలో పక్కనుంచి అన్నయ్య గబగబా వేదికమీదికి వచ్చాడు. నా చెయ్యి దానంతటదే బిరడాల మీదికి వెళ్ళి కప్పేసింది.

"ముట్టుకోకు!"

ఆ అరుపు వినడానికి మైకు అక్కర్లేదు. అన్నయ్య ఆగిపోయాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"మైకు పట్టుకుందామని వచ్చాను బుజ్జీ."

"నా చెవికేం కాలేదు అన్నయ్యా." ఆ మాట నెమ్మదిగానే అన్నాను. "పళ్ళ డాక్టర్ని అడిగావట. నన్ను అడగాల్సింది."

ఆయన వదిన వైపు చూశాడు. వదిన ఈసారి పైకప్పు వైపు చూసింది.

"మైకు పట్టుకో," అన్నాను. "చాలు."

ఆయన స్టాండు నుంచి మైకు తీసి, నా ముందు మోకాళ్ళమీద కూర్చుని, గిటారు గుండ్రటి రంధ్రం దగ్గర పెట్టి పట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్య జానెడు దూరం కూడా లేదు. ఇక ఫోను వచ్చిందని లేచిపోయే వీల్లేదు. వినక తప్పదు.

మీటాను. చెయ్యి పెట్టకుండా, పన్నెండూ ఒకేసారి. ఆ పెద్ద తలుపు తెరుచుకుంది. అన్నయ్య కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆయన చెవి తప్పు కోసం వెతుకుతోందని నాకు తెలుసు. నా రెండు వేళ్ళూ మెట్లమీద నడవడం మొదలుపెట్టాయి. మడతపడని వేళ్ళు రెండూ గాల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి, వాటిని దాచే ప్రయత్నం నేను చెయ్యలేదు. ఐదో జత దగ్గరికి వచ్చాను. వేలు పెట్టాను. ప, ద రెండూ ఒకదానికొకటి రాసుకుని మధ్యలో అల లేచింది, లాండ్రీలో రోజంతా నా వెనకాల లేచే అల. అన్నయ్య తల చటుక్కున ఎత్తాడు. ఆయన ముడి విప్పుకున్న మొహాన్ని ఎన్నో నెలల తర్వాత చూశాను. మేమిద్దరం పక్కపక్కన వాయించినప్పుడు ఎక్కడైనా బాగా కుదిరితే అలాగే చూసేవాడు.

నాకు అప్పుడు కూడా కోపం తగ్గలేదు. ఆ చూపు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయింది, ఒక్క మధ్యాహ్నం నా పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది కదా అని ప్రతి తీగనీ నిలదీస్తూ వాయించాను. కోపం మీద చెయ్యి ఇంకా బాగా ఆడింది.

సగం దాకా వచ్చాను. అప్పుడు జారింది. "ద" తీగ. కొత్తది కదా, నెమ్మదిగా కిందికి దిగిపోతోంది. రెండు స్వరాల మధ్య ఉండాల్సిన ఎడం ఇరుకైపోయి, మాధుర్యం పోయి కీచుమంటోంది. నేను ఆగితే తప్ప బిరడా తిప్పలేను. కుడిచెయ్యి మీటుతోంది, ఎడంచేతి రెండు వేళ్ళకీ ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఆగితే అయిపోయినట్టే. మళ్ళీ మొదలుపెట్టేసరికి హాలంతా "పాపం" అనేసుకుంటుంది. ఆపకుండా వాయిస్తున్నాను, తీగ జారుతూనే ఉంది.

అన్నయ్య విన్నాడు. నాకంటే ముందే విని ఉంటాడు. మైకు ఒక చేతిలో ఉంచుకుని రెండో చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి బిరడాల వైపు వచ్చింది. ఈయనకి తెలిసింది ఒక్కటే నియమం. జతలో తీగలు కలవాలి. ద ఎలాగూ సగం దూరం దిగింది, ఇంకాస్త దించితే పక్కనున్న ప తో కలిసిపోతుంది. నేను పెదవులు కదిపి "వద్దు" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

బిరడా తిప్పాడు. పైకి. వెంట్రుకవాసి, ఇంకొక వెంట్రుకవాసి. తీగ ప నుంచి దూరంగా జరిగి, జరిగి, నేను వదిలేసిన చోటికే వచ్చి ఆగింది. ఖచ్చితంగా అక్కడికే. రాసుకునే అల మళ్ళీ లేచింది. అన్నయ్య ఊపిరి వదిలాడు. ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"సరిచేశాను."

చేతిలో మైకు ఉందన్న సంగతి మర్చిపోయాడు. ఆ మాట హాలు నాలుగు మూలలా వినబడింది. ముందు వరసంతా గొల్లుమంది. లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. తల ఒక పక్కకి వంచి ఆ జత వైపే చూస్తూ వింటున్నారు. నేను వాయిస్తూనే ఉన్నాను. చివరిదాకా వాయించాను.

ఇంటికి వెళ్ళగానే అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. చాటుగా శ్రుతి మార్చినందుకు, కొత్త తీగలు వేసినందుకు, నా చెవి పోయిందని నిర్ణయించినందుకు, మైకు చాలు అన్నందుకు. ఆయన అన్నిటికీ తల వంచుకుని నిలబడ్డాడు. ఆఖరుకి నాకు ఇంకా తిట్టాలని ఉండి, తిట్టడానికి ఏమీ మిగలక, "వేదికమీద అంతమంది ముందు ముట్టుకోవద్దని చెప్పాను కదా! మళ్ళీ అడగకుండా ఎందుకు ముట్టుకున్నావు?" అన్నాను.

అన్నయ్య తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అడిగితే నువ్వు వాయించడం ఆపేస్తావని" అన్నాడు.